చువ్వకి గుచ్చిన తొమ్మిది

సత్యకుమారిగారి పేరెత్తి ఎవరైనా "పాపం" అన్నారంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. ఏం పాపం? ఎవరి పాపం? నిడదవోలు స్టేషను రోడ్డులో పదకొండేళ్ళు మైక్రోస్కోపు ముందు కూర్చుని ఊరందరి రక్తం లెక్కపెట్టిన మనిషి ఆవిడ. ఒక్క అంకె తప్పు రాయలేదు. అలాంటి మనిషిని పట్టుకుని "లెక్క తప్పిన సత్యకుమారి" అని తణుకు నుంచి కొవ్వూరు దాకా ప్రతి ల్యాబ్‌లోనూ చెప్పుకుంటున్నారు. అలా చెప్పుకునేవాళ్ళ మొహం మీద నాలుగు దులిపెయ్యాలని ఉంటుంది. కానీ నాకు ఆ నోరు లేదు. ఎందుకు లేదో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

నా పేరు మధులత. బీకాం చదివాను. 2006లో మా ల్యాబ్‌లోకి కంప్యూటరూ నేనూ ఒకే వారంలో వచ్చాం. అంతకుముందు రిపోర్టులన్నీ చేత్తో రాసేవారట. ఓనరు అప్పాజీగారు కంప్యూటర్ని ముందుగదిలో, అద్దం తలుపులోంచి రోడ్డు మీదికి కనబడేలా పెట్టించారు. దాని ముందు నన్ను కూర్చోబెట్టారు. సత్యకుమారిగారు వెనకగదిలో ఉండేవారు. అక్కడ ఒక కిటికీ, ఒక బల్ల, మైక్రోస్కోపు, ఒక ఎత్తు స్టూలు, అంతే. ముందుగదిలోకి ఆవిడ వచ్చేది తక్కువ. వచ్చినా కంప్యూటరు వైపు చూసేవారు కాదు. అది నా పని అనుకునేవారు. నన్ను నమ్మారు, ఇంకేం చెప్పమంటారు!

ఆవిడ పని ఎలా చేస్తారో మీకు తెలియాలి. మన రక్తంలో తెల్లకణాలుంటాయి కదా, అన్నీ కలిపి ఎన్నున్నాయో లెక్కేస్తే అది టోటల్ కౌంటు. వాటిలో రకాలున్నాయి. వంద కణాలు చూసి, ఏ రకానివి ఎన్నో విడదీసి రాస్తే అది డీసీ. గాజుపలక మీద రక్తపుచుక్క పాముతారు, రంగు పోస్తారు, ఆరబెడతారు, ఆ తరవాత ఒక్కో కణాన్నీ కంటితో చూసి లెక్కపెట్టుకుంటూ పోతారు. ఆవిడ కన్ను మైక్రోస్కోపు మీంచి తియ్యకుండా, పెదవులు కదుపుతూ, కుడిచేత్తో కాగితం మీద గీతలు పెట్టేవారు. ఆ టైములో పలకరిస్తే పలకరు. ఒకసారి వెనకగదిలో ఫ్యాను తీగ మాడి పొగ వస్తే నేను కేకలు పెట్టాను. "డెబ్బయ్యారు... ఉండు మధూ... డెబ్బయ్యేడు" అన్నారు మహాతల్లి!

ఆ లెక్క ఆవిడకి కాలేజీలో రాలేదు. వాళ్ళమ్మ నరసాపురం దగ్గర పల్లెలో లేసు అల్లేది. ఈవిడ చేతికి ఆరో ఏట లేసు సూది వచ్చింది. రేకుకి ఎన్ని గొలుసులు, పువ్వుకి ఎన్ని రేకులు అని అమ్మ పక్కన కూర్చుని లెక్కపెడుతూ పెరిగారు. ఆ అల్లిక డబ్బులతోనే కాకినాడలో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివారు. పెళ్ళి మాట ఎత్తితే నవ్వేసేవారు. తల్లిని తెచ్చుకుని మా వీధిలోనే చిన్న వాటాలో ఉండేవారు.

"ఒక్క కుట్టు తగ్గితే ఆ వరసలో తెలీదు మధూ. మూడు వరసలయ్యాక పువ్వు మూతి ముడుచుకుంటుంది. అప్పుడు మొత్తం విప్పాలి. మా అమ్మ నాచేత ఎన్నిసార్లు విప్పించిందో!" అని ఒకరోజు మధ్యాహ్నం అన్నం తింటూ చెప్పారు. "ఇక్కడైతే విప్పడానికి కూడా ఉండదు. మనం రాసిన కాగితం పట్టుకుని మనిషి వెళ్ళిపోతాడు."

ఆ మాట అంటున్నప్పుడు నా మొహంలో ఏ రంగు ఉందో నాకు తెలీదు. ఎందుకంటే అప్పటికే నేను ఆవిడ రాసినది రిపోర్టుల్లో టైపు కొట్టడం మానేసి ఏడాది దాటింది.

అదేంటో చెప్తాను. కంప్యూటర్లో రిపోర్టు ఫారం ఒకటి తయారుగా ఉండేది. అందులో డీసీ అంకెలు ముందే టైపు కొట్టేసి ఉండేవి. లింఫోసైట్లనే రకం ముప్ఫై, మిగతా రకాలన్నీ కలిపి డెబ్బై. చూడ్డానికి ఆరోగ్యంగా ఉన్న మనిషి అంకెలు. సత్యకుమారిగారు చీటీ రాసి పంపిస్తే, అందులో ఉన్నవి చూసి ఫారంలోవి మార్చాలి. మొదట్లో మార్చేదాన్ని. సాయంత్రం ఆరు దాటితే డాక్టర్ల దగ్గర్నుంచి రిపోర్టులు, రిపోర్టులు అని ఒకటే ఫోన్లు. ఒకరోజు అప్పాజీగారు నా వెనక నిలబడి చూసి పళ్ళు కొరికారు.

"ఏంటమ్మా ఇది! టోటల్ కౌంటు మార్చు, చాలు. అది బాగుంటే కింద డీసీ ఎవడు చదువుతాడు? ఏ డాక్టరైనా చూసేది పైనున్న అంకే. అది ఎక్కువొస్తే అప్పుడు కింద కూడా మార్చు."

"ఆయ్, అలాగేనండి" అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో! రిపోర్టు కింద డాక్టరు సంతకం రబ్బరు స్టాంపు. దాన్ని గుద్దేది కూడా నేనే. కవర్లో పెట్టి ఇచ్చేది నేనే. ఆవిడ చీటీని మాత్రం నా బల్ల మీద ఉన్న ఇనప చువ్వకి గుచ్చేదాన్ని. నిండితే తీసి అట్టపెట్టెలో పడేసేదాన్ని. వెనకగదిలో ఆవిడ నడుం విరిగేలా కూర్చుని వంద, వంద, వంద అని లెక్కపెట్టడం, ముందుగదిలో నేను ఆ లెక్కని చువ్వకి గుచ్చెయ్యడం. మూడేళ్ళ పాటు ఇదే తంతు. ఇది తలుచుకుంటే అప్పాజీ మీద వచ్చే కోపం కన్నా నా మీద నాకే ఎక్కువ వస్తుంది.

2009 అక్టోబరు. దసరా వెళ్ళి రెండు వారాలయింది. టీవీల్లో స్వైన్ ఫ్లూ, మాస్కులు అని ఒకటే గోల. మా వీధివాళ్ళకి అది హైదరాబాదు జబ్బు, విమానాలెక్కేవాళ్ళ జబ్బు. శనివారం సాయంత్రం శెట్టిపేట నుంచి చిట్టియ్య అనే రైతు భార్యని తీసుకొచ్చాడు. ఆ అమ్మాయి పేరు లావణ్య. ఏడో నెల కడుపు. మూడు రోజులుగా జ్వరం, పొడిదగ్గు. పండక్కి వచ్చిన తమ్ముడు హైదరాబాదు నుంచి జలుబు మోసుకొచ్చాడట. డాక్టర్ ఉదయ్‌భాస్కర్‌గారు రక్తపరీక్షలు రాశారు. టోటల్ కౌంటు, డీసీ, మలేరియా, టైఫాయిడ్. సత్యకుమారిగారు రక్తం తీశారు, చీటీ వచ్చింది. టోటల్ కౌంటు ఐదువేల రెండొందలు. బాగానే ఉంది కదా! పై అంకె కొట్టాను, ప్రింటు తీశాను, చీటీ చువ్వకి గుచ్చాను. బయట వాన మొదలైంది. ఇంటికి తొందరగా వెళ్ళిపోవాలన్న ధ్యాస తప్ప నాకింకేం లేదు.

మర్నాడు ఆదివారం. మా ల్యాబ్ మధ్యాహ్నం దాకా తెరిచి ఉంటుంది. తొమ్మిదింటికి చిట్టియ్య ఆ రిపోర్టు చేత్తో పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. వెనకాల ఆటోలో లావణ్య. కూర్చుని ఉంది, ముందుకి వంగి, రెండు చేతులూ సీటు మీద ఆనించి.

"ఏవండీ, రాత్రి నుంచి ఊపిరాడతాలేదండి. పడుకోలేకపోతందండి. డాక్టరుగారి ఆసుపత్రి ఇయ్యాల మూసేసి ఉందండి. నిన్నేమో కౌంటు బాగుంది, ఉత్త వైరల్ జ్వరం, మూణ్ణాలుగు రోజుల్లో తగ్గిపోద్దన్నారండి. ఇంకో టెస్టేదైనా ఉంటే చెయ్యండి బాబూ!"

సత్యకుమారిగారు ఆ గొంతు విని బయటికొచ్చారు. లావణ్య దగ్గరికెళ్ళి గడియారం చూస్తూ ఊపిరి లెక్కపెట్టారు. నిమిషానికి ముప్ఫై ఎనిమిది. చిట్టియ్య చేతిలో కాగితం తీసుకుని, అతన్ని ఆమె దగ్గరే ఉండమని లోపలికొచ్చారు. చదివారు. మళ్ళీ చదివారు.

"ఇది నేను రాయలేదే" అన్నారు.

ఆవిడ నా బల్ల దగ్గరికొచ్చి చువ్వ మీంచి చీటీలు ఒక్కొక్కటీ తీశారు. లావణ్య చీటీ దొరికింది. ఎర్ర పెన్సిలుతో కింద గీత గీసి మరీ రాశారు: లింఫోసైట్లు తొమ్మిది. పక్కన "గర్భిణి, కౌంటు కూడా తక్కువే, డాక్టరుగారికి చెప్పాలి" అని ఉంది. నేను ఆ గీతా చూడలేదు, ఆ ముక్కా చదవలేదు.

"ముప్ఫై ఎక్కణ్ణుంచి వచ్చింది మధూ?"

ఆవిడ మిగతా చీటీలు చూశారు, కంప్యూటరు దగ్గరికొచ్చి నిన్నటి రిపోర్టులు చూపించమన్నారు. చూపించాను. వరసగా ముప్ఫై, ముప్ఫై, ముప్ఫై. అన్నీ ఒకటే.

"ఎన్నాళ్ళ నుంచి?"

"మూడేళ్ళవుతోందండి."

"మరి నేను లోపల ఏం చేస్తున్నట్టే! ఈ మూడేళ్ళూ నేనెవరికి లెక్కపెట్టినట్టే!" అని అరిచారు. ఆవిడ గొంతు అంత పైకి లేవడం అదే మొదటిసారి. బయట ఆటో దగ్గరున్న చిట్టియ్యకి ఆ అరుపు తప్ప మాటలు అందలేదు. మేడ మీద నుంచి అప్పాజీగారు లుంగీ సర్దుకుంటూ దిగొచ్చారు.

ఆవిడ మాతో దెబ్బలాడుతూ కూర్చోలేదు. ముందు 108కి ఫోన్ చేశారు. నిడదవోలు బండి ఎక్కడికో వెళ్ళింది, అరగంట పడుతుందన్నారు. ఆ అరగంటా ఆవిడ పరుగెత్తినట్టే పనిచేశారు. పెట్టెలోంచి నిన్నటి గాజుపలక తీసి మళ్ళీ వంద లెక్కపెట్టారు. మళ్ళీ తొమ్మిదే. టైఫాయిడ్ పరీక్ష కోసం తీసిన రక్తం ఫ్రిజ్‌లో మిగిలి ఉంది. దాని మీద, లోపల వాపుంటే పట్టిచ్చే సీఆర్‌పీ చుక్క పరీక్ష చేశారు, విరిగిన పాలలా గింజలు కట్టింది, అంటే ఉన్నట్టే. ఎల్‌డీహెచ్ పెట్టారు, ఎనిమిదొందల డెబ్బై వచ్చింది. నాలుగొందల యాభై దాటకూడదు.

"అంటే ఏంటండీ?" అని నేను అడిగాను. మూడేళ్ళలో మొదటిసారి అడిగాను.

"జ్వరం ఎంతుందో థర్మామీటరు చెప్తుంది. లోపల ఎంత పాడవుతోందో ఇవి చెప్తాయి" అన్నారు చేతిలో గాజు పిపెట్టు దించకుండా. "లోపల కణాలు పగులుతుంటే ఎల్‌డీహెచ్ పెరుగుతుంది. వైరస్ ఊపిరితిత్తుల్లోకి దిగితే లింఫోసైట్లు ఇలా పడిపోతాయి. టోటల్ కౌంటు మాత్రం ఏం ఎరగనట్టే ఉంటుంది. అసలు ఏడో నెల మనిషికి ఐదువేలేంటి, తొమ్మిది పదివేలుండాలి! కౌంటు బాగుందట కౌంటు!"

డాక్టరుగారి ఇంటికి ఫోన్ చేశారు. ఆయన గొంతు నాకూ వినబడుతూనే ఉంది.

"రిపోర్టులో ముప్ఫై ఉంది కదమ్మా? నేను చూశానే. ఇవాళ పడిపోయాయా?"

అప్పాజీగారు ఎదురుగా నిలబడి చెయ్యి ఊపుతున్నారు. అవునను, ఇవాళ పడిపోయాయను అని సైగ. ఆవిడ ఆయన కళ్ళలోకి చూస్తూ చెప్పారు.

"కాదండి. నిన్న సాయంత్రం రక్తంలోనే తొమ్మిదండి. మేం తప్పు కాగితం ఇచ్చామండి."

అవతల ఆయన గొంతు పెరిగింది. "ఆ ముప్ఫై చూసే కదమ్మా, కడుపుతో ఉన్న పిల్లకి ఎక్స్‌రే ఎందుకులే అని మానేశాను! రాజమండ్రి పెద్దాసుపత్రికి పంపించండి. స్వైన్ ఫ్లూ మందు అక్కడే ఉంది. నేనూ ఫోన్ చేస్తాను. కానీ అక్కడ జ్వరాలవాళ్ళు వందమంది ఉన్నారు, మంచాలు పది. కాగితం చూసి బాగా లేనివాళ్ళనే లోపలికి తీసుకుంటున్నారు. చిట్టియ్య చేతిలో ఉన్న ఆ రిపోర్టు చూపిస్తే వెనక్కి పంపేస్తారు. సరైన కాగితం ఇవ్వండి, ముందుది తప్పని రాసి మరీ ఇవ్వండి."

ఫోన్ పెట్టెయ్యగానే అప్పాజీగారు విరుచుకుపడ్డారు. "ముందుది తప్పని రాస్తే నా ల్యాబ్ ఏమవ్వాలి? మూసుకుని పోవాలా? ఇవాళ్టి తేదీ వేసి కొత్త రిపోర్టు ఇవ్వండి, పోతుంది. నిన్నటి మాట ఎందుకు?"

"నిన్నట్నుంచీ ఇలా ఉందో, గంట కిందట ఇలా అయిందో అక్కడి డాక్టరుకి తెలియొద్దా అండీ? ఒకే మనిషికి నిన్న ముప్ఫై, ఇవాళ తొమ్మిది అంటే ఎవరు నమ్ముతారు? ఏదో ఒకటి తప్పని మళ్ళీ రక్తం తీస్తారు, సాయంత్రం దాకా బయట వరండాలో కూర్చోబెడతారు. ఆ పిల్లని చూడండి. సాయంత్రం దాకా ఉంటుందాండీ?"

ఆటోలో లావణ్య పెదవులు నీలంగా ఉన్నాయి. చిట్టియ్య ఆమె వీపు నిమురుతూ "వచ్చేత్తంది, బండొచ్చేత్తంది" అంటున్నాడు.

సత్యకుమారిగారు తెల్ల కాగితం తీసుకుని అంకెలన్నీ రాశారు. కింద జాగా వదిలి కాగితం నా ముందు పెట్టారు. "మధూ, టైపు చేసింది నువ్వు. నీ తప్పని నేను రాస్తే చెల్లదు. ముందిచ్చినది టైపులో తప్పు పడిందని రాసి సంతకం పెట్టు."

అప్పాజీగారు నా వైపు ఒక్క చూపు చూశారు. ఆ చూపు చాలింది నాకు. పెన్ను పట్టుకున్నాను, సంతకం పెట్టలేదు. ఉద్యోగం పోతుందేమో, కేసు పెడతారేమో, నాన్నకి ఏం చెప్పాలి... ఛీ, అవన్నీ ఇప్పుడు రాయడానికి కూడా సిగ్గుగా ఉంది. అక్కడ ఒక మనిషికి ఊపిరాడడం లేదు, నేను నా సంతకం గురించి ఆలోచిస్తున్నాను!

రోడ్డు మలుపులో 108 మోత వినబడింది. ఆవిడ నా చేతిలోంచి పెన్ను లాక్కున్నారు. "ముందిచ్చిన రిపోర్టులో లింఫోసైట్ల సంఖ్య తప్పు. లెక్కలో పొరపాటు నాది" అని రాసి, సంతకం పెట్టి, ఆ కాగితంతో పాటు తనూ బండెక్కి వెళ్ళిపోయారు. వాళ్ళమ్మకి అన్నం పెట్టిరమ్మని నాకు చెప్పి వెళ్ళారు. తిట్టలేదు. నన్ను ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది.

ఆ కాగితం చూసే లోపలికి తీసుకున్నారట. ఆ సాయంత్రమే మందు మొదలైంది. పదకొండు రోజులు ఆక్సిజన్ మీద ఉంది లావణ్య. గొంతులోంచి దూదిపుల్లతో తీసి హైదరాబాదు పంపిన పరీక్ష ఫలితం ఐదో రోజుకి గానీ రాలేదు. స్వైన్ ఫ్లూయే. దాని కోసం ఆగి ఉంటే ఆ పిల్ల ఉండేది కాదని అక్కడి డాక్టరే అన్నాడట.

ఇక్కడేమో సోమవారం పొద్దున్నే అప్పాజీగారు డాక్టరుగారి దగ్గరికెళ్ళి, "ఆవిడే రాసుకుందండి, లెక్క తప్పానని. వయసొస్తోంది, కళ్ళు ఆనడం లేదు. మాన్పించేస్తున్నానండి" అని చెప్పొచ్చారు. చుట్టుపక్కల ల్యాబ్‌లన్నిటికీ ఫోన్లు చేసి చెప్పారు. సత్యకుమారిగారికి ఎక్కడా పని దొరకలేదు. నెల తిరక్కుండా తల్లిని తీసుకుని నరసాపురం వెళ్ళిపోయారు. వెళ్ళేముందు ఎత్తు స్టూలు మీది దిండు తీసుకెళ్ళడానికి వచ్చారు. నా బల్ల దగ్గర ఆగి, "ఇప్పుడైనా మారుస్తున్నావా?" అని అడిగారు. "మారుస్తున్నానండి" అన్నాను. అది నిజమే. తల ఊపి వెళ్ళిపోయారు. ఇప్పుడు అక్కడ లేసు అల్లుతున్నారట. నేను మాత్రం అదే కుర్చీలో, అదే కంప్యూటరు ముందు, నోరు కుట్టేసుకుని కూర్చున్నాను.

డిసెంబరు ఆఖర్లో చిట్టియ్య వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. ఆడపిల్ల పుట్టిందట, తల్లీ పిల్లా బాగున్నారట. తాపేశ్వరం కాజాల పొట్లాలు రెండు తెచ్చాడు. ఒకటి నా బల్ల మీద పెట్టాడు. ఇంకోటి పట్టుకుని వెనకగది వైపు తొంగిచూశాడు.

"సత్తెకుమారిగారు లేరాండీ?"

అప్పాజీగారు పేపరు దించకుండానే అన్నారు. "మానేసింది. లెక్కలు తప్పుతోంది కదా. నీకు తెలుసుగా."

"తెలుసండి. ఆ కాయితంలో ఆవిడే రాసుకున్నారు కదండీ" అన్నాడు చిట్టియ్య. "అయితే ఏంటండీ? తప్పు ఎవరైనా చేత్తారండి. ఒప్పుకుని మా కూడా బండెక్కి వచ్చింది ఆవిడొక్కరేనండి. నేనెప్పుడో మనసులోంచి తీసేశానండి ఆవిడ తప్పు. ఆ మాట చెప్పి, ఈ కాజాలిచ్చి పోదామని వచ్చానండి."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ తప్పు! ఆవిడ ఎవరి పెళ్ళాన్ని బతికించారో ఆ మనిషే ఆవిడ తప్పుని క్షమిస్తున్నాడు! అప్పాజీగారు పేపరు వెనక తాపీగా టీ తాగుతున్నారు. బల్ల కింద అట్టపెట్టె లాగాను. ఆ చీటీ ఎక్కడుందో నాకు తెలుసు. చువ్వ గుచ్చిన చిల్లుతో సహా తీసి చిట్టియ్య చేతిలో పెట్టాను.

"ఏయ్, మధూ!" అని అప్పాజీగారు కుర్చీలోంచి లేచారు.

"ఇది ఆ శనివారం ఆవిడ రాసిన చీటీ అండి. తొమ్మిది అని ఉంది చూడండి. కింద ఎర్రగీత కూడా ఉంది. డాక్టరుగారికి చెప్పమని కూడా రాశారండి. ఆవిడ లెక్క తప్పలేదండి, ఎప్పుడూ తప్పలేదండి. ముప్ఫై నేను కొట్టానండి. ఈయన కొట్టమన్నారు, నేను కొట్టాను. సంతకం పెట్టమంటే పెట్టలేదండి. అందుకని ఆవిడ పెట్టారండి."

చిట్టియ్య ఆ చీటీని చాలాసేపు చూశాడు. నా మొహం చూశాడు, అప్పాజీ మొహం చూశాడు. అతను చీటీని మడిచి జేబులో పెట్టుకున్నాడు. నా బల్ల మీద పెట్టిన కాజాల పొట్లం తీసుకుని రెండోదానితో కలిపి సంచిలో వేసుకున్నాడు.

"నరసాపురంలో ఎక్కడుంటారండీ ఆవిడ?" అని అడిగాడు.

నేను అడ్రసు రాశాను. ఇచ్చేముందు రెండుసార్లు సరిచూసుకున్నాను.